పాత టేకు భోజనాల కుర్చీలకు కొత్త బట్ట: చెన్నై ఇళ్లలో ఏ ఎంపిక నిలుస్తుంది?

తాతల నాటి భోజనాల కుర్చీలకు కొత్త బట్ట వేయించాలనుకున్నప్పుడు చాలామంది ముందుగా దుకాణానికి వెళ్లి రంగు ఎంచుకుంటారు, తరువాత పనివారిని పిలుస్తారు, కుర్చీ లోపల ఏముందో పాత బట్ట ఊడదీసిన రోజున మాత్రమే చూస్తారు. ఈ వరుస తలకిందులుగా ఉంది. కుర్చీ కట్టుబడి ఎలాంటిదో తెలిస్తే గానీ లోపల ఏమి నింపాలో తెలియదు; లోపల ఏమి నింపుతున్నామో తెలిస్తే గానీ పైన ఏ బట్ట నిలుస్తుందో తేల్చలేము. అందువల్ల ఎంపికలను ఇక్కడ ఆ క్రమంలోనే పోల్చుతున్నాను.

పోలికకు కొలబద్ద ఏమిటో కూడా ముందే చెప్పాలి. హాల్లోని సోఫాకు ఉన్న సుఖం భోజనాల కుర్చీకి లేదు. దానిమీద రోజూ సాంబారో పులుసో ఒక చుక్క పడుతుంది, ఆవకాయ నూనె అంటిన చేతిని పిల్లలు సీటు అంచుకే తుడుస్తారు, తలస్నానం చేసినవారు తడి ఆరకముందే వచ్చి కూర్చుంటారు. పైగా చెన్నై సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇక్కడి గాలిలో చెమ్మ ఉంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఉతికిన బట్టలే సరిగా ఆరవు. హైదరాబాదులోనో అనంతపురంలోనో పదేళ్లు చెక్కుచెదరని సామగ్రి చెన్నై తీరాన ఉన్న తిరువాన్మియూరులో నాలుగేళ్లకే బూజు పట్టడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి ప్రతి ఎంపిక విషయంలోనూ నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది తడిస్తే ఎంత త్వరగా, ఎంత లోపలి దాకా ఆరుతుంది?

ముందు కుర్చీని బోర్లించి చూడండి

పాత భోజనాల కుర్చీల సీట్లు సాధారణంగా మూడు రకాలుగా ఉంటాయి. మొదటిది ఊడివచ్చే సీటు: విడిగా ఉన్న చిన్న చట్రం మీదనో పలక మీదనో మెత్త కట్టి, దానిని కుర్చీ చట్రంలోని గాడిలో కూర్చోబెడతారు, కింది నుంచి నాలుగు మరలు విప్పితే, కొన్ని కుర్చీల్లో అరచేత్తో పైకి తోసినా చాలు, సీటు మొత్తం చేతికి వస్తుంది. రెండవది చట్రానికే బిగించిన సీటు: ఇందులో బట్ట చట్రపు పట్టీల మీదుగా కిందికి దిగి, పక్కన వరుసగా కొట్టిన మేకులతోనో అంచు పట్టీతోనో ముగుస్తుంది. మూడవది పేము అల్లిన సీటు.

మీ కుర్చీలు మొదటి రకానివైతే పని చాలా తేలిక. ఆరు సీట్లనూ ఒక సంచిలో వేసుకుని పనివారి దగ్గరికి తీసుకుపోవచ్చు, పాలిష్ చేసిన చెక్కకు దెబ్బ తగలదు, వేసిన బట్ట నచ్చకపోతే కొన్నాళ్లకు మార్చడమూ కష్టం కాదు. అయితే ఈ రకంలో పనివారు తరచూ చేసే ఒక పొరపాటు కుర్చీకే ముప్పు తెస్తుంది. సీటుకూ గాడికీ మధ్య నాలుగు వైపులా రెండు మూడు మిల్లీమీటర్ల సందు మాత్రమే ఉంటుంది, అది తొలినాటి బట్ట మందానికి సరిపోయేలా వదిలిన సందు. పాత బట్ట తీయకుండా దానిమీదే కొత్తది లాగి కొడితే, లేదా పలుచని బట్ట ఉన్న చోట జంబుఖానా అంత మందపుది వేస్తే, సీటు గాడిలోకి దిగదు. సుత్తితో కొట్టి దించితే అప్పటికి కూర్చుంటుంది గానీ, ఆ ఒత్తిడికి చట్రం మూలల అతుకులు నెమ్మదిగా విచ్చుకుంటాయి. ఒకదానిమీద ఒకటిగా మూడు నాలుగు తరాల బట్టలు పేరుకున్న సీట్లు పాత ఇళ్లలో అరుదు కాదు. వాటన్నిటినీ చెక్క కనిపించేదాకా తీయించడమే సరైన పని.

చట్రానికే బిగించిన సీటుకు కూలి ఎక్కువ, నేర్పు ఇంకా ఎక్కువ కావాలి. ముందు కాళ్లు చట్రంతో కలిసే మూలల దగ్గర బట్టను మడిచే తీరులోనే పనివాడి చేయి తెలిసిపోతుంది. ఈ రకంలో పాత మేకుల రంధ్రాలతో పట్టీ అంచు జల్లెడలా మారి ఉంటే కొత్త పిన్నులు పట్టు చిక్కించుకోలేవు; వడ్రంగి చేత ఆ రంధ్రాలను జిగురు కలిపిన రంపపుపొట్టుతో పూడ్పించి, గట్టిపడిన తరువాతే బట్ట పని మొదలుపెట్టించాలి.

పేము సీటు విషయంలో నా అభిప్రాయం గట్టిది: దానిని మెత్త సీటుగా మార్చకండి. అల్లిక తెగిందని దానిమీద ప్లైవుడ్ పలక కొట్టి ఫోమ్ వేయించడం చెన్నైలో చాలా ఇళ్లలో జరుగుతోంది, అలా చేసిన ప్రతిసారీ ఈ ఊరి ఉక్కకు అన్నిటికంటే తగిన సీటు ఒకటి పోతోంది. పేము కింద నుంచీ పై నుంచీ గాలి ఆడనిస్తుంది, ఒలికినది తుడిస్తే చాలు ఆరిపోతుంది. అల్లిక తెగకుండా కేవలం సాగి ఉంటే, అడుగువైపు తడిగుడ్డతో బాగా తుడిచి ఒక రాత్రి ఆరనిస్తే చాలావరకు మళ్లీ బిగుస్తుంది. తెగి ఉంటే అల్లించాలి. చట్రం చుట్టూ వరుసగా రంధ్రాలు ఉంటే అది చేత్తో అల్లవలసిన సీటు. రంధ్రాలకు బదులు చుట్టూ ఒక గాడి, అందులో ఒక సన్నని కర్ర ఉంటే అది ముందుగా నేసిన పేము చాపను దిగ్గొట్టే సీటు, ఆ పని త్వరగా, తక్కువ ఖర్చుతో అవుతుంది. చేత్తో అల్లే ఈ పనిని మన దేశంలో చూపు లేనివారికి జీవనోపాధిగా చాలాకాలంగా నేర్పుతూ వస్తున్నారు. ఆ అల్లిక నాణ్యత చూసినవారికి దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. మెత్తగా కూర్చోవాలనుకునే పెద్దవారు ఇంట్లో ఉంటే, అంగుళం మందం దిండును నాడాలతో కుర్చీకి కట్టుకుంటే సరిపోతుంది.

రకం తేలాక కుర్చీని రెండు చేతులతో పట్టుకుని మూలకు మూలగా ఊపి చూడాలి. పాత కుర్చీల అతుకులను జంతువుల తోలు, ఎముకల నుంచి తీసిన జిగురుతో అంటించేవారు; అది చెమ్మకు మెత్తబడి పట్టు వదులుతుంది, కానీ ఆ గుణం వల్లనే అతుకును చీల్చకుండా విప్పి మళ్లీ అంటించడమూ సాధ్యమవుతుంది. కదిలే కుర్చీకి మేకు కొట్టి బిగించడం మాత్రం వద్దు, ఎండిన టేకు మేకుకు చీలుతుంది. తరువాత కింది నేల మీద పిండిలాంటి పొడి రాలుతోందేమో చూడండి. టేకు చేవకు, అంటే మాను నడుమ ఉండే గట్టి చెక్కకు, చెదలు, పుచ్చు అంత సులువుగా పట్టవు గానీ, చేవ కాని తెల్లచెక్కకూ, ఊడివచ్చే సీటు చట్రానికి వాడిన వేరే చెక్కకూ ఆ రక్షణ లేదు. కారైకుడి పాతసామాన్ల దుకాణాల నుంచి గానీ, వేలంలో గానీ కొన్న కుర్చీలైతే పాత మెత్త కుట్ల వెంట నల్లుల కోసం వెతకడం కూడా అవసరం; అవి కనబడితే లోపలి సరుకంతా బయట పారవేయాలే తప్ప ఎండలో పెట్టి మళ్లీ వాడకూడదు. అతుకులు, పుచ్చు, పాలిష్ ఈ మూడూ ముగిశాకే బట్ట. పాలిష్ తరువాతకు మిగిల్చుకుంటే కొత్త బట్ట అంచున లక్క మరక తప్పదు.

లోపల పీచా, ఫోమా?

పాత సీటు విప్పితే అన్నిటికంటే కింద నవారు పట్టీలు, వాటిమీద గోనెగుడ్డ, మధ్యలో కొబ్బరిపీచు, పైన దూది, ఈ క్రమంలో కనిపించవచ్చు. పనివారు సాధారణంగా ఇదంతా తీసి ఒక ప్లైవుడ్ పలక, దానిమీద ఫోమ్ వేస్తామంటారు, ఎందుకంటే అది త్వరగా అయిపోతుంది. ఒప్పుకునే ముందు ఒక విషయం ఆలోచించాలి. ఫోమ్ నీటిని పీల్చుకుని పట్టుకుంటుంది, కింద పలక ఉంటే ఆ నీటికి దిగే దారి ఉండదు. పీచు అలా కాదు, దాని పోగుల మధ్య గాలి నిత్యం ఆడుతుంది, తడిసినా లోపలి దాకా ఆరుతుంది. చెన్నైలో ఉండే ఇంటికి ఈ తేడా చిన్నది కాదు.

పాత పీచు పొడిపొడిగా రాలకుండా, వాసన లేకుండా ఉంటే దానిని దులిపి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ వాడించుకోవచ్చు. పనికిరాకపోతే, కొబ్బరిపీచుకు రబ్బరు పాలు పట్టించి పలకలుగా చేసిన సరుకు పరుపుల దుకాణాల్లో దొరుకుతుంది. దానిని ఒక అంగుళం మందంలో కింద వేసి, పైన అర అంగుళం ఫోమ్ వేసి, మొత్తాన్ని ముతక తెల్లబట్టతో ఒకసారి కట్టి, ఆ తరువాత పైబట్ట వేయించడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి ఏర్పాటు. లోపలి తెల్లబట్టకు అదనంగా అయ్యేది కొద్దిపాటి ఖర్చు. దానివల్ల తరువాత ఎప్పుడు పైబట్ట మార్చినా లోపలి నింపుడు చెదరదు.

పూర్తిగా ఫోమే కావాలనుకుంటే సాంద్రత అడిగి తీసుకోండి. దుకాణాల్లో 32, 40 అని చెప్పే అంకె ఒక ఘనమీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో చెబుతుంది. రోజూ కూర్చునే భోజనాల సీటుకు 40 తీసుకోవాలి. తక్కువ సాంద్రత ఫోమ్ మొదట్లో మెత్తగా ఉన్నా త్వరలోనే మధ్యలో గుంట పడి, కింది పలక తగులుతుంది. మందం రెండు అంగుళాలు దాటనివ్వకండి. భోజనాల బల్ల ఎత్తు సాధారణంగా 29 నుంచి 30 అంగుళాలు, కుర్చీ సీటు ఎత్తు 18 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది, ఈ రెండింటి మధ్య 11, 12 అంగుళాలు ఉంటేనే మోకాళ్లకు చోటు, చేతికి సౌకర్యం. మూడు నాలుగు అంగుళాల ఫోమ్ వేయించుకున్న ఇంట్లో అందరూ కంచం మీదికి వంగి తినవలసి వస్తుంది, చేతులున్న కుర్చీలైతే బల్ల కిందికి దూరవు. పలక తప్పనిసరైతే నీటిని తట్టుకునే ఐఎస్ 710 గుర్తు ఉన్న ప్లైవుడ్ అడగండి, మామూలు ఐఎస్ 303 రకం ఇంతటి చెమ్మకు పొరలు విప్పవచ్చు. పలకకు అక్కడక్కడ అర అంగుళం రంధ్రాలు వేయిస్తే గాలి ఆడుతుంది.

బట్టల పోలిక

చెన్నై ఇళ్లలో భోజనాల కుర్చీకి మొదట తట్టేది రెక్సిన్, ఎందుకంటే తుడిస్తే పోతుంది. ఆ వాదనలో నిజముంది, కానీ రెక్సిన్ పేరుతో అమ్మేవి రెండు వేర్వేరు వస్తువులు, వాటి తేడా తెలియకుండా కొనడం ప్రమాదం. ఒకటి పీవీసీ పూత వేసినది, మరొకటి పాలీయురెథేన్ పూత వేసినది. రెండవదాన్ని మెత్తగా, అసలు తోలులా ఉందని ఎక్కువ ధరకు అమ్ముతారు. గాలిలోని తేమతో రసాయన చర్య జరిగి పాలీయురెథేన్ పూత క్రమంగా విచ్చిన్నమవుతుంది, దానితో పొట్టు ఊడినట్టు ఊడి బట్టలకు అంటుకుంటుంది. వాడకుండా మూల పెట్టినా ఈ చర్య ఆగదు. చెన్నైలో దానిని నేను ఎవరికీ సూచించను. పీవీసీ రకం ఇంకా కొంత నయం. అది తేమకు ఊడదు గానీ, మెత్తదనం కోసం కలిపిన నూనెలు ఏళ్లు గడిచే కొద్దీ బయటికి పోయి, అంచుల దగ్గర బిరుసెక్కి పగులుతుంది. రెండింటిలోనూ చెమట ఇంకే దారి లేదు, మే నెల మధ్యాహ్నం దానిమీద అరగంట కూర్చున్నవారికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. చిన్నపిల్లలకు అన్నం తినిపించే ఒకటి రెండు కుర్చీలకు పీవీసీ వేయించి, మిగతావాటికి బట్ట వేయించడం మధ్యేమార్గం.

అసలు తోలుకు చెన్నైని మించిన ఊరు దక్షిణాదిలో లేదు. పెరియమేడు ప్రాంతం తోలు వ్యాపారానికి పాతకాలం నుంచీ పేరున్నది, 1948లో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ అడయారులోనే ఉంది, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట చర్మశుద్ధి కేంద్రాలు ఇక్కడికి దగ్గర. తోలును చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. 26 అంగుళాల చదరపు ముక్క అంటే దాదాపు 4.7 చదరపు అడుగులు. చర్మం చదరంగా ఉండదు కాబట్టి వ్యర్థం కలిపితే ఒక్కో సీటుకు ఆరు అడుగులు, ఆరు కుర్చీలకు 36 అడుగుల దాకా లెక్క వేసుకోవాలి. మేకతోలు, గొర్రెతోలు చిన్నవి, పలుచనివి, అవి సీటుకు పనికిరావు. ఆవు లేదా గేదె తోలు, అందులోనూ పైన రంగు పూత ఉన్న రకం అడగాలి, ఎందుకంటే పూత లేని తోలు నూనె చుక్కను క్షణంలో తాగేస్తుంది. ఖర్చు భరించగలిగి, ఇల్లు నెలల తరబడి తాళం వేసి ఉంచకుండా ఉండేవారికి ఇది మంచి ఎంపిక. మూసిన ఇంట్లో వానాకాలం గడిస్తే తోలు మీద తెల్లని బూజు వస్తుంది.

వెల్వెట్ ఇప్పుడు బాగా అడుగుతున్నారు. నూలు వెల్వెట్ ఈ తేమకు నూగు అణిగిపోయి, కూర్చున్న చోట మెరుపు మచ్చలు పడుతుంది. పాలిస్టర్ వెల్వెట్ దానికంటే నిలకడగా ఉంటుంది, తడిగుడ్డతో తుడవడానికీ వీలు. ఏది తీసుకున్నా ఆరు ముక్కల్లోనూ నూగు ఒకే వైపుకు, వెనుక నుంచి ముందుకు వాలేటట్టు కత్తిరించాలి. ఒక ముక్క తిరగబడినా అదే రంగు వేరే రంగులా కనబడుతుంది. అన్నం మెతుకు, పప్పు నూగులోకి దిగి ఎండితే తీయడం శ్రమ. అప్పుడప్పుడు వాడే భోజనాల గదికి సరే, రోజూ మూడు పూటలా తినే బల్లకు వద్దు.

గోనె నారతో నేసిన జూట్ బట్ట టేకు పక్కన ఎంతో అందంగా ఉన్నా, తడిస్తే బలహీనపడుతుంది, పోగులు రాలుస్తుంది, గరుకు పోగులకు సన్నని చీరల దారాలు చిక్కుకుంటాయి. జరీ ఉన్న బ్రొకేడ్‌కూ ఇదే అభ్యంతరం.

ఇక మన నేతలు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగు ఇళ్లలో పాత కుర్చీని నిలుపుకోవాలనుకునేవారికి దానిమీద మన ఊళ్ల బట్ట చూడాలన్న కోరిక సహజంగానే ఉంటుంది, ఆ కోరికను తగిన బట్టతోనే తీర్చుకోవాలి. మంగళగిరి నూలు బట్ట చీరకూ కుర్తాకూ సరిపోయే పలుచని నేత. నేరుగా సీటుకు వేస్తే బరువుకు పోగులు జరిగి కుట్ల దగ్గర నోరు తెరుస్తాయి. మచిలీపట్నం కలంకారీ కూడా పలుచనిదే, పైగా దాని సహజ రంగులు కిటికీ ఎండకు వెలిసిపోతాయి. ఈ రెండింటినీ వాడాలని మనసు పడితే, లోపల ముతక కాన్వాసు గుడ్డ జోడించి, అంగుళానికి ఒక వరుసగా కలిపి కుట్టించి ఒకే బట్టలా చేశాక వేయించాలి, లేదా కుర్చీ వీపు వెనుకభాగానికి పరిమితం చేయాలి. పోచంపల్లి ఇక్కత్ వీటికంటే అనుకూలం. అందులో రంగు నేతకు ముందే పోగులోకి ఎక్కి ఉంటుంది, అందువల్ల పైపొర కాస్త అరిగినా బొమ్మ చెరగదు. అచ్చు వేసిన బట్టలో అరుగుదల మొదట తినేది ఆ అచ్చునే. అయితే చీర రకం కాక, దుప్పట్లకూ పరదాలకూ నేసే ముతక రకం అడిగి తీసుకోవాలి. తమిళనాడు వైపు చూస్తే భవానీ జంబుఖానా అరుగుదలకు గట్టిది, చట్రానికే బిగించిన సీటుకు మూలల్లో మడవడం కష్టం, ఊడివచ్చే సీటుకైతే గాడిలో చోటు ఉందో లేదో ముందు కొలిచి చూడాలి. కరూరులో నేసే ముతక కాటన్ గృహవస్త్రాలు మందంలోనూ ధరలోనూ మధ్యస్థంగా ఉండి రోజువారీ కుర్చీకి బాగా పనికివస్తాయి. ఏ చేనేత నూలు బట్టనైనా కత్తిరించే ముందు నీటిలో నానబెట్టి ఆరేయాలి, లేకపోతే తరువాత ముడుచుకుంటుంది. తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దితే రంగు దిగుతుందో లేదో కూడా తేలిపోతుంది. ఎర్రని బట్ట రంగు దిగేదైతే తెల్ల పంచె కట్టుకున్న పెద్దవారికి అది ఎంత ఇబ్బందో ఆలోచించండి.

అమ్మమ్మ పెళ్లి పట్టుచీరను కుర్చీలకు వేయించాలని కొందరు అనుకుంటారు. పట్టు పోగును వెలుతురూ చెమటా రెండూ బలహీనపరుస్తాయి, పాత చీర మడతల వెంట అప్పటికే చీలే స్థితిలో ఉంటుంది. సీటు మీద అది నిలవదు. దానిని కుర్చీ కోసం కోయకండి.

రోజూ వాడే ఇంటికి నేను మొదట చూపే బట్ట నూలూ పాలిస్టరూ కలిపి, సీట్ల కోసమే మందంగా, బిగువుగా నేసిన రకం. నూలు వల్ల చెమట ఇంకుతుంది, పాలిస్టర్ వల్ల త్వరగా ఆరుతుంది, బిగువు నేత వల్ల మెతుకులు లోపలికి దిగవు. దుకాణంలో నమూనాల పుస్తకం వెనుక మార్టిండేల్ పరీక్ష అంకె ఉంటుంది, అంటే ఎన్నిసార్లు రుద్దితే పోగు తెగిందో చెప్పే లెక్క; ఇంటి వాడకానికి 15,000 నుంచి 25,000, పిల్లలున్న భోజనాల బల్లకు 25,000 పైన చూసుకోవాలి. అదే పుస్తకంలో శుభ్రపరిచే గుర్తు కూడా ఉంటుంది: డబ్ల్యూ అంటే నీటితో తుడవవచ్చు, ఎస్ అంటే నీరు తగలకుండా ద్రావకంతోనే, ఎక్స్ అంటే దులపడం తప్ప మరేదీ వద్దు. భోజనాల కుర్చీకి డబ్ల్యూ గుర్తు లేని బట్టను, ఎంత అందంగా ఉన్నా, పక్కన పెట్టండి. పసుపు మరక మీద సబ్బు పడగానే ఎర్రబడితే కంగారు పడనక్కరలేదు, క్షారానికి పసుపు రంగు మారుతుంది. నీటితో తుడిచి ఊడివచ్చే సీటును ఎండలో పెడితే వెలుతురుకే ఆ మరక చాలావరకు వెలిసిపోతుంది.

బీసెంట్ నగర్ లాంటి చోట్ల సముద్రపు గాలి నేరుగా తగిలే ఇళ్లకూ, బాల్కనీ పక్కన ఎండపడే భోజనాల గదులకూ ఇంకొక మార్గం ఉంది. ఆరుబయటి కుర్చీల కోసం తయారయ్యే ఆక్రిలిక్ బట్టలో రంగును పోగు తయారయ్యే దశలోనే కలుపుతారు కాబట్టి ఎండకు వెలవదు, బూజు సులువుగా పట్టదు, నీరు త్వరగా వదులుతుంది. ధర ఎక్కువ, స్పర్శ నూలులా ఉండదు. అయినా మూడు నాలుగేళ్లకోసారి మళ్లీ కూలి పెట్టే బదులు ఒకసారి ఇది వేయించుకోవడమే లాభమని అలాంటి ఇళ్లవారికి చెబుతాను.

ఎంత బట్ట కొనాలి

18 అంగుళాల సీటుకు ఒక్కో పక్క మెత్త మందానికి రెండు, కింద మడిచి కొట్టడానికి రెండు అంగుళాలు కలిపితే 26 అంగుళాల చదరం కావాలి. సోఫా బట్టలు సాధారణంగా 54 అంగుళాల పన్నాతో వస్తాయి, అడ్డంగా రెండు ముక్కలు వస్తాయి కాబట్టి ఆరు సీట్లకు 78 అంగుళాలు, అంటే రెండు మీటర్లకు కాస్త తక్కువ. రెండున్నర మీటర్లు కొంటే నిశ్చింత. చేనేత బట్ట పన్నా 45 అంగుళాల దగ్గర ఉంటే అడ్డంగా ఒక్క ముక్కే వస్తుంది, అప్పుడు 156 అంగుళాలు, అంటే దాదాపు నాలుగు మీటర్లు కావాలి; నాలుగున్నర కొంటే నిశ్చింత. మీటరు ధర తక్కువని చేనేతను, ఎక్కువని మిల్లు బట్టను పోల్చేవారు ఈ లెక్క వేసుకోకుండా పోల్చకూడదు. పెద్ద పువ్వు ప్రతి సీటు నడుమకూ రావాలంటే ఇంకా ఎక్కువ పోతుంది. సన్నని గళ్లు, సాదా రంగు అయితే వ్యర్థం తక్కువ. ఒకే థాను నుంచి ఒకేసారి కోయించుకోండి, మరో థానులో అదే రంగు ఒక ఛాయ తేడాగా ఉండవచ్చు. ఒక సీటుకు సరిపడే ముక్కను అదనంగా కొని దాచి ఉంచితే, మరక పడిన రోజున ఆరింటినీ మార్చవలసిన అవసరం రాదు.

పని ఎవరిచేత, ఎప్పుడు

ఊడివచ్చే సీటును చేతి స్టేపిల్ గన్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. నాలుగు పక్కల మధ్యలో ఒక్కో పిన్ను కొట్టి, బట్టను ఎదురెదురు పక్కలకు సమంగా లాగుతూ మూలల వైపు పోవాలి; మూలలు చివరన. టేకు గట్టిగా ఉండి పిన్ను సగమే దిగితే చిన్న సుత్తితో దించండి. పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలని పట్టుబట్టండి: మామూలు ఇనుప మేకులు ఈ ఊరి గాలికి తుప్పు పట్టి, ఆ తుప్పు బట్టలోకి దిగి, మేకు చుట్టూ పోగులను తినేస్తుంది. చట్రానికే బిగించిన సీట్లను మాత్రం కుషన్ పని తెలిసినవారికే ఇవ్వాలి. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కారు సీట్ల పని చేసేవారు రెక్సిన్, తోలు కుట్టడంలో మంచి నేర్పరులు. నవారు, పీచు, స్ప్రింగులున్న పాత సీటుకు సోఫా పనివారే మేలు. ధర అడిగేటప్పుడు కూలిలో నవారు, లోపలి తెల్లబట్ట, అడుగుబట్ట, పిన్నులు, రాకపోకల బండి ఖర్చు కలిసి ఉన్నాయో లేదో విడివిడిగా చెప్పించుకోకపోతే, ఇద్దరి ధరలను పోల్చడమే కుదరదు. ముందు ఒక్క కుర్చీ చేయించి, ఒక వారం దానిమీదే కూర్చుని భోజనం చేసి, ఎత్తు, మెత్తదనం సరిపోయాయని తేలాక మిగతా ఐదు ఇవ్వండి.

పని పెట్టుకోవడానికి వానలు వెళ్లిన జనవరి చివరి నుంచి మే వరకు అనుకూలమైన కాలం. చెమ్మగాలిలో వేసిన లక్క పాలిష్ మీద పాలపొరలాంటి తెలుపు కమ్ముతుంది, సరిగా ఆరని పీచును మూసి కుడితే లోపలే ముక్కవాసన పుడుతుంది. దీపావళికి కొత్తగా కనిపించాలన్న తొందరలో అక్టోబరులో ఇచ్చేవారు, కనీసం పాలిష్ పనిని వేసవిలోనే ముగించుకుని, బట్ట పని ఒక్కటే ఆ నెలకు ఉంచుకోవాలి.